ఒకే పెట్టెలో రెండు వేడిమిలు

పొయ్యిని గూర్చి కళాశాల వార్షిక సంచికలో వ్యాసమేమిటని కొందరు పాఠకులకు తోచవచ్చును. ఆవిరి యంత్రము, రైలు, విమానము మొదలగు వాటి చరిత్రను పాఠ్యగ్రంథాలు చెప్పుచునే ఉన్నవి. కాని ఇంటిలో సగము మంది తమ జీవితములో అధికభాగము గడిపిన పొయ్యి ముంగిట ఏమి మారినదో, ఆ మార్పు ఎవరికి మేలు చేసినదో ఆ గ్రంథాలు అరుదుగా చెప్పును. అందుచేత ఈ వ్యాసమున ఉత్తర అమెరికా వంటిండ్లలో పుట్టిన రెండు యంత్రాలను, ఆ రెండింటిని ఒక్కటిగా చేయుటకు జరిగిన ప్రయత్నమును పరిశీలింప దలచినాము. మొదటిది విద్యుత్ రేంజి. రెండవది మైక్రోవేవ్ ఓవెన్. వీటి కలయికయే 1960ల నాటి జంట ఓవెన్.

ముందుగా రేంజి యనగా ఏమో చెప్పవలెను. పైన నాలుగు పొయ్యిలు, క్రింద తలుపు గల ఓవెన్, ఇవన్నియు ఒకే ఇనుప పెట్టెలో అమర్చినచో దానిని అక్కడివారు రేంజి అందురు. బొగ్గుతో, కట్టెలతో మండు రేంజిలు ముందు వచ్చినవి, ఆ పిమ్మట గ్యాసువి. విద్యుత్తుతో వంట చేయవచ్చునని లోకమునకు చాటినవారిలో కెనడా దేశస్థుడు థామస్ అహెర్న్ ఒకడు. ఆయన 1892 ఆగస్టు 29న ఒట్టావా నగరములోని విండ్సర్ హోటలులో ఒక విందు ఏర్పాటు చేయించినాడు. అందలి వంటకాలన్నీ విద్యుత్తు వేడితోనే సిద్ధమైనవి. అహెర్న్ వంటవాడు కాడు. ఆ నగరములో విద్యుత్ దీపాల వ్యాపారము, ట్రాముబండ్ల వ్యాపారము నడిపినవాడు. ఇది గమనింపదగిన విషయము. ఆ రోజులలో విద్యుత్తుకు గిరాకీ సాయంకాలము దీపాలు వెలుగు వేళలోనే ఎక్కువ. పగటిపూట ఆ గిరాకీ బాగుగా తగ్గిపోవుచుండెను. మధ్యాహ్నపు వంటకు విద్యుత్తు అమ్మగలిగినచో ఖాళీగా ఉన్న యంత్రము డబ్బు తెచ్చును. విద్యుత్ పొయ్యి వెనుక గృహిణి కోరిక కంటె విద్యుత్ కంపెనీ లెక్క ముందుగా ఉన్నదని మా అభిప్రాయము.

1893లో చికాగో ప్రదర్శనలో విద్యుత్ వంటిల్లును జనము వింతగా చూచినారు. చూచుట వేరు, కొనుట వేరు. అప్పటి పొయ్యిలలో పెద్ద లోపము తీగది. ఎర్రగా కాలిన లోహపు తీగ గాలిలోని ఆమ్లజనితో కలిసి త్వరలోనే పెళుసుబారి తెగిపోవును. ప్లాటినము తట్టుకొనును గాని దాని ధర సామాన్యునికి అందదు. ఈ చిక్కును విడదీసినవాడు ఆల్బర్ట్ మార్ష్. సుమారు 80 పాళ్ళు నికెల్, 20 పాళ్ళు క్రోమియం కలిపిన మిశ్రలోహమునకు ఆయన 1906లో పేటెంటు పొందినాడు. అదియే నిక్రోమ్. అది కాలినప్పుడు పైన క్రోమియం ఆక్సైడు పలుచని పొరగా ఏర్పడి అంటిపెట్టుకొని ఉండును. ఆ పొరయే లోపలి లోహమునకు కవచము. మన హాస్టలు విద్యార్థులు వార్డెను చూడకుండ టీ కాచుకొను కరెంటు హీటరు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పింగాణీ పళ్ళెము గాళ్ళలో చుట్టిన ఆ తీగ నిక్రోమే. 1910 ప్రాంతపు అమెరికా రేంజి పైభాగము ఇంచుమించు ఆ హీటరు వలెనే ఉండెడిది. పాలు పొంగి తీగపై పడుట, గరిట తగిలి షాకు కొట్టుట అక్కడివారికి కూడ తెలిసిన బాధలే.

ఆ తరువాత తీగను దాచుట నేర్చినారు. సన్నని లోహపు గొట్టములో తీగచుట్టను నిలిపి, చుట్టును మెగ్నీషియం ఆక్సైడు పొడిని గట్టిగా కూరినారు. ఆ పొడికి విచిత్రమైన గుణము కలదు. వేడిని పోనిచ్చును, విద్యుత్తును పోనీయదు. అందువలన గొట్టము ఎర్రగా కాలినను దానిపై నేరుగా గిన్నె పెట్టవచ్చును. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ దీనిని కాల్‌రాడ్ అను పేరుతో ప్రచారము చేసినది. పాత రేంజిలపై చక్రాల వలె కనబడు చుట్టలు ఇవియే.

క్రింది ఓవెన్ పని తీరు మన ప్రాంతము వారికి కొత్తది కాదు. దమ్ బిర్యానీకి దేగిసా మూతిని పిండితో మూసి, అడుగున నిప్పు ఉంచి, మూత మీద కూడ నిప్పులు పోయుదురు కదా. ఓవెన్‌లో సైతము అడుగున ఒక చుట్ట, కప్పు క్రింద మరొక చుట్ట ఉండును. తేడా ఏమనగా, బావర్చీ తన చేతిని మూతకు దగ్గరగా ఉంచి వేడిని అంచనా కట్టును. ఇక్కడ ఆ పని థర్మోస్టాట్ చేయును. ఓవెన్‌కు ఇది ఎంతో మేలు చేసినది. పై పొయ్యిల విషయములో మాత్రము అంత మెచ్చుకొనలేము. మంటను కన్నుతో చూచి తగ్గించవచ్చును. చుట్టకు మీట తిప్పినను అందులో నిలిచిన వేడి వెంటనే పోదు. గ్యాసుకు అలవాటుపడినవారు విద్యుత్ పొయ్యిని నేటికిని ఇష్టపడకుండుటకు ఇదియే ముఖ్య కారణము.

రేంజికి మరొక షరతు కలదు. అమెరికా ఇండ్లలో దీపాలకు, పంకాలకు ఇచ్చునది సుమారు 120 వోల్టుల విద్యుత్తు. రేంజికి దాని రెట్టింపు వోల్టేజి, వేరుగా లావుపాటి తీగలు కావలెను. అనగా రేంజి కొన్నవాడు పొయ్యితో పాటు వైరింగు కూడ కొనవలెను. 1930ల మధ్య కాలములో ఆ దేశపు వ్యవసాయ కుటుంబాలలో నూటికి పది ఇండ్లకే విద్యుత్తు ఉన్నది. టెనెస్సీ నదీలోయ పథకము 1933లో ఆరంభమైన పిదప రేంజిలు, రిఫ్రిజిరేటర్లు కొనుటకు ప్రభుత్వమే ఒక సంస్థ ద్వారా వాయిదాల అప్పు ఇప్పించినది. 1956లో విద్యుత్ పరికరాల కంపెనీలు, విద్యుత్ సరఫరా కంపెనీలు కలిసి, విద్యుత్తుతో మెరుగుగా జీవించండని దేశమంతట ప్రచారము సాగించినవి. 1957 నుండి, వంట మొదలు గది వేడి వరకు అంతయు విద్యుత్తుతోనే నడచు ఇంటికి బంగారు పతకపు బిళ్ళ లభించెడిది. దానిని వాకిలి వద్ద గోడకు బిగించుకొనెడివారు.

ఈ వంటిల్లు చివరకు రాజకీయములోనికి కూడ వచ్చినది. 1959 జులై 24న మాస్కో నగరపు సొకోల్నికి పార్కులో అమెరికా ప్రదర్శన తెరచినప్పుడు, ఉపాధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నాయకుడు కృశ్చేవ్ ఒక నమూనా వంటింటి ముందు నిలిచి వాదించుకొన్నారు. ఈ యంత్రాలు మా స్త్రీల శ్రమను తగ్గించుటకని నిక్సన్ అన్నాడు. స్త్రీల విషయములో పెట్టుబడిదారుల ఈ దృష్టి మాకు లేదని కృశ్చేవ్ బదులు చెప్పినాడు. చరిత్ర గ్రంథాలు దీనిని వంటింటి వాదము అని పిలుచును. స్త్రీల శ్రమను గూర్చి ఇద్దరు పురుషులు అంత సేపు వాదించినారే గాని, ఆ శ్రమ నిజముగా తగ్గినదా అని ఒక స్త్రీని పిలిచి అడిగినవారు లేరు. ఆ ప్రశ్నకు మరల వత్తుము.

ఇక రెండవ వేడిమి. దీని పుట్టుక వంటింటిలో కాదు, యుద్ధములో. 1940 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో జాన్ రాండల్, హ్యారీ బూట్ అను ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు కుహరాలతో కూడిన మాగ్నెట్రాన్‌ను పనిచేయించి చూపినారు. అది అతి చిన్న నిడివి గల రేడియో తరంగాలను గొప్ప శక్తితో వెలువరించు గొట్టము. శత్రు విమానాలను పసిగట్టు రాడారుకు అదియే ప్రాణము. ఆ సంవత్సరము సెప్టెంబరులో బ్రిటిష్ బృందము దానిని అమెరికాకు చేర్చినది. దానిని వేగముగా, విస్తారముగా తయారుచేయు మార్గము కనుగొన్నవాడు రేథియాన్ కంపెనీలోని పెర్సీ స్పెన్సర్. 1894లో పుట్టిన ఈయనకు పసితనములోనే తండ్రి పోయినాడు, తల్లి విడిచి వెళ్ళినది. బాల్యములోనే బడి మాని మిల్లు పనికి వెళ్ళినాడు. రేడియో విద్యను నౌకాదళములో ఉండగా స్వయముగా పుస్తకాలు చదివి నేర్చినాడు.

1945లో పనిచేయుచున్న మాగ్నెట్రాన్ వద్ద నిలిచినప్పుడు స్పెన్సర్ జేబులోని తీపిబిళ్ళ కరిగినదను కథ ప్రసిద్ధము. అటువంటి వెచ్చదనమును అంతకు ముందు మరికొందరు కూడ గమనించినారని చెప్పుదురు. స్పెన్సర్ చేసిన అధికమైన పని యేమనగా, మొక్కజొన్న గింజలు తెప్పించి దాని ఎదుట ఉంచి పేలాలు వేయించి చూచుట. ఆ సంవత్సరము అక్టోబరు 8న పేటెంటుకు దరఖాస్తు చేయుట. 1947లో రాడారేంజ్ అను పేరుతో తొలి యంత్రము వచ్చినది. ఎత్తు ఆరడుగులకు కాస్త తక్కువ, బరువు సుమారు 340 కిలోలు. మాగ్నెట్రాన్‌ను చల్లబరచుటకు నీటి గొట్టము కలుపవలెను. వెల వేల డాలర్లు. హోటళ్ళు, నౌకలు వంటి పెద్ద సంస్థలు తప్ప వేరెవ్వరు దానిని కొనగలరు?

ఈ తరంగాలు వండు తీరును గూర్చి ఒక అపోహ చాలమంది నోట వినబడును. అవి పదార్థమును లోపలి నుండి వెలుపలికి ఉడికించునని. అది నిజము కాదు. నేటి మైక్రోవేవ్ ఓవెన్‌లోని తరంగాలు సెకనుకు 245 కోట్ల ఆవృత్తులు గలవి, వాటి నిడివి సుమారు 12 సెంటీమీటర్లు. నీటి అణువుకు ఒక కొసన ధన విద్యుత్ గుణము, మరొక కొసన ఋణ గుణము ఉండును. తరంగము దిక్కు మార్చినప్పుడెల్ల అణువు దానితో పాటు తిరుగబోయి పక్క అణువులను తాకును. ఆ తొక్కిసలాటయే వేడి. తరంగాలు పదార్థములోనికి కొద్ది సెంటీమీటర్లు చొచ్చుకొని పోవునప్పటికి చాల భాగము బలహీనపడును. అంతకు లోపలి భాగము మామూలుగానే, వేడి ప్రాకుట వలన ఉడుకవలెను. తరంగాలు గోడలకు తగిలి తిరిగి వచ్చి ఒకదానితో ఒకటి కలియుట వలన పెట్టెలో కొన్ని చోట్ల వేడి ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ. గాజు పళ్ళెము గిర్రున తిరుగుటకు ఇదియే కారణము.

ఇచటనే చిక్కు వచ్చినది. నీరున్నంత వరకు పదార్థపు ఉష్ణోగ్రత 100 సెంటిగ్రేడు డిగ్రీలను ఇంచుమించుగా దాటదు. రొట్టె పైపెచ్చుకు బంగారు రంగు, కబాబుకు కమ్మని వాసన రావలెనన్న సుమారు 140 డిగ్రీల పైబడిన వేడి కావలెను. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు మయ్యార్ 1912లో వర్ణించిన చర్య అప్పుడే చురుకుగా జరుగును. మైక్రోవేవ్ పెట్టెలోని గాలి చల్లగా ఉండును. మాంసము లోపల ఉడుకును, పైన మాత్రము పాలిపోయి ఉడకబెట్టినట్లే ఉండును. వేగము ఉన్నది, రంగు లేదు. పాత ఓవెన్‌కు రంగు ఉన్నది, వేగము లేదు. రెంటిని ఒకే పెట్టెలో పెట్టినచో?

1955లో టాపన్ అను పొయ్యిల కంపెనీ ఇండ్లకొరకు తొలి మైక్రోవేవ్ ఓవెన్‌ను విడుదల చేసినప్పుడే ఈ ఆలోచన మొదలైనది. గోడలో బిగించు ఆ ఉక్కు పెట్టెలో రెండు వేగాలు, గాజు అర, వంట పద్ధతులు వ్రాసిన కార్డులు దాచుకొను సొరుగు ఉన్నవి. వీటితో పాటు కప్పు క్రింద రంగు తెప్పించు విద్యుత్ చుట్ట కూడ కలదు. వెల 1295 డాలర్లు. ఆ సంవత్సరము అమెరికాలో ఒక మధ్యస్థ కుటుంబపు వార్షికాదాయము సుమారు 4400 డాలర్లు. సంవత్సరపు సంపాదనలో నాలుగవ వంతుకు పైగా ఒక పొయ్యికి వెచ్చింపగలవారు ఎందరు? 1965లో ఆ కంపెనీయే మామూలు రేంజిని, మైక్రోవేవ్ ఓవెన్‌ను ఒకే స్తంభముగా అమర్చి అమ్మజూపినది.

జనరల్ ఎలక్ట్రిక్ వారు 1960లలో ఇంకను సాహసించినారు. వెర్సట్రానిక్ అను పేరు గల వారి రేంజిలో ఒకే ఓవెన్, అందులోనే చుట్టలు, అందులోనే సూక్ష్మతరంగాలు. వీరు ఎన్నుకొన్నది 915 మెగాహెర్ట్‌జ్ తరంగము. దాని నిడివి సుమారు 33 సెంటీమీటర్లు కావున పెద్ద మాంసపు ముక్కలో ఇంకను లోతుకు పోవును. గృహిణి మొదట తరంగాలతో లోపల ఉడికించి, చుట్టలతో పైన వేయింపవచ్చును. లేదా రెండింటిని కలిపి నడపవచ్చును.

చెప్పుటకు సులభమే. ఇంజనీర్ల కష్టము ఊహింపవలెను. మామూలు ఓవెన్ తలుపు సందున కొద్దిగా ఆవిరి పోయినను నష్టము లేదు. ఈ తలుపు తరంగాలను బయటకు పోనీయరాదు. పైగా వందల డిగ్రీల వేడికి వంగరాదు. మాగ్నెట్రాన్ చల్లగా ఉండవలెను, దాని ప్రక్కనే ఓవెన్ మండుచుండవలెను. ఇంతకు మించిన చిక్కు పాత్రలది. చుట్టలకు ఇనుము, అల్యూమినియము ఉత్తమ మిత్రులు. తరంగాలకు అవియే శత్రువులు, ఏలయనగా లోహము వాటిని తిప్పికొట్టును. కనుక అమ్మమ్మ నాటి ఇనుప పెనమును ఒక మీట నొక్కినప్పుడు వాడవచ్చును, మరొక మీట నొక్కినప్పుడు వాడరాదు. 1958లో కార్నింగ్ సంస్థ అమ్మకమునకు తెచ్చిన తెల్లని గాజుపింగాణీ పాత్రలు రెంటికి పనికివచ్చినవి. అయినను ఇంటనున్న గిన్నెలన్నింటిని మార్చుకొమ్మని చెప్పు పొయ్యిని ఎవరు సంతోషముగా స్వాగతింతురు? పైగా ఒక భాగము చెడినచో మొత్తము రేంజి నిలిచిపోవు భయము కలదు.

ఈలోగా 1967లో అమానా కంపెనీ 495 డాలర్లకు ఒక చిన్న పెట్టెను తెచ్చినది. దీని యజమాని అప్పటికి రేథియానే. దానికి వేరు వైరింగు అక్కరలేదు. 115 వోల్టుల మామూలు ప్లగ్గులో పెట్టి, వంటగది గట్టుపై ఉంచిన చాలును. రంగు తెప్పింపలేదు. అయినను గెలిచినది. తన పాత రేంజిని తీసివేయుమని అది గృహిణిని అడుగలేదు; అందులోనే దాని విజయ రహస్యమున్నదని మేము భావించుచున్నాము. సాంకేతికముగా జంట ఓవెన్ అధికమైన యంత్రము. ఇంటి తీగలు, ఇంటి గిన్నెలు, ఇంటి ఖర్చు లెక్కలు మాత్రము గట్టు మీది పెట్టెకే ఓటు వేసినవి. 1975 నాటికి అమెరికాలో మైక్రోవేవ్ ఓవెన్ల అమ్మకము గ్యాసు రేంజిల అమ్మకమును మించినది.

భయము కూడ వెంట వచ్చినది. 1968లో రేడియేషన్ నియంత్రణ చట్టము చేసినారు. 1971 నుండి తయారైన ఓవెన్లకు, వాటి జీవితకాలమంతట, 5 సెంటీమీటర్ల దూరములో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించి తరంగాలు కారరాదని కట్టడి చేసినారు. తలుపు తెరచినంతనే మాగ్నెట్రాన్ ఆగిపోవు ఏర్పాటు తప్పనిసరి యైనది. అయినను 1973లో అక్కడి వినియోగదారుల సంఘము ఈ ఓవెన్లు పూర్తిగా సురక్షితమని చెప్పజాలమని ప్రకటించినది. ఈ తరంగాలు ఎక్స్‌కిరణాల వంటివి కావు, అణువులను చీల్చలేవు, అన్నమును రేడియో ధార్మికముగా చేయలేవు. అవి చేయు హాని కాల్చుటయే. కావున పగిలిన తలుపు గల ఓవెన్‌ను వాడరాదను నియమము మాత్రము విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇప్పుడు మాస్కోలో ఎవరును అడుగని ప్రశ్నకు వత్తము. 1974లో జోఆన్ వానెక్ అను సామాజిక శాస్త్రవేత్త పాత లెక్కలను పరిశీలించినది. ఉద్యోగము చేయని అమెరికా గృహిణులు 1920లలో ఇంటిపనికి వారమునకు సుమారు 52 గంటలు వెచ్చించినారు. 1960లలో సుమారు 55 గంటలు. రేంజి, రిఫ్రిజిరేటరు, బట్టలుతుకు యంత్రము అన్నియు వచ్చిన తరువాతి లెక్క ఇది! 1983లో రూత్ ష్వార్ట్‌జ్ కోవన్ తన గ్రంథములో దీనికి కారణాలు విశదపరచినది. కట్టెలు కొట్టుట, బొగ్గు మోయుట, బూడిద ఎత్తుట పురుషులు, పిల్లలు కూడ పంచుకొన్న పనులు. కొత్త పొయ్యి ఆ పనులను తొలగించినది. వండుట మాత్రము స్త్రీకే మిగిలినది. ఒక కుండలో ఒక కూర వండిన చోట నాలుగు పొయ్యిలపై నాలుగు వంటకాలు ఆశింపబడినవి. పనివారు తగ్గినారు, శుభ్రతకు కొలతలు పెరిగినవి. యంత్రము ప్రతి పనిని తేలిక చేసినది, పనుల సంఖ్యను పెంచినది.

మైక్రోవేవ్ ఓవెన్ విషయములో ఈ తీర్పును కొంత సడలింపవచ్చునని మాకు తోచును. అది వండుటకంటె వేడిచేయుటకు ఎక్కువగా ఉపయోగపడినది. వేడిచేసుకొనుటకు తల్లిని పిలువనక్కరలేదు. బడి నుండి వచ్చిన బాలుడు తానే చేసుకొనగలడు, ఆలస్యముగా వచ్చిన భర్త తానే చేసుకొనగలడు. చేసుకొనునా అనునది వేరు మాట. ఆహార కంపెనీలు ఈ మార్పునకు తగినట్లు నడచుకొనుటకు చాలకాలము పట్టినది. స్వాన్‌సన్ వారి ఘనీభవించిన భోజనము 1954లో అల్యూమినియం పళ్ళెములో వచ్చినది. ఆ పళ్ళెము విద్యుత్ రేంజికి తగినది, మైక్రోవేవ్‌కు తగనిది. దానిని మార్చుటకు 1986 వరకు ఆగినారు.

జంట ఓవెన్ కూడ నశింపలేదు. వేడి గాలిని పంకాతో త్రిప్పు కన్వెక్షన్ పద్ధతిని తరంగాలతో కలిపిన చిన్న ఓవెన్లు నేడు మన నగరాల దుకాణాలలో సైతము లభించుచున్నవి. అమెరికాలో మాత్రము 1970ల చివర నుండి వేరొక అమరిక బహుళముగా వ్యాపించినది. రేంజి క్రింద, దాని నెత్తిన గోడకు బిగించిన మైక్రోవేవ్, ఆ మైక్రోవేవ్ అడుగున పొగను లాగు చిన్న పంకా. ఒకే పెట్టెలో ఇముడని రెండు వేడిమిలు ఒకే గోడకు కాపురము వచ్చినవన్నమాట. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో అనేకులకు దక్కినది ఈ వంటిల్లే. గుండ్రని అడుగు గల బాణలి చదునైన విద్యుత్ పొయ్యిపై నిలువదు కావున సమతలపు అడుగు గలది కొనుక్కొందురు. ఆ పంకా పలు ఇండ్లలో పొగను బయటకు పంపదు. బొగ్గు పొర గుండ వడగట్టి మరల గదిలోనికే వదలును. అందుచేత ఎండుమిరపకాయల పోపు వేయు వేళ ముందుగా కిటికీ తెరచి, పొగను పసిగట్టి మ్రోగు గంట వద్ద ఒకరిని తువ్వాలుతో నిలబెట్టుట అనేక ఇండ్లలో అలవాటైనది.